పచ్చి ఇటుకలు

మాది ఇటుక బట్టీ. గోదావరి ఒండ్రుమట్టి తొక్కి, అచ్చు వేసి, బాగా ఆరబెట్టాకే బట్టీలో పేరుస్తాం. మబ్బు పట్టిందని తొందరపడి ఆరీ ఆరని ఇటుకను ఎక్కించామా, పగిలి ఊరుకుంటుంది. పదకొండేళ్లుగా నా మోచేతుల మీద జరుగుతున్నదీ ఇదేనని డాక్టరమ్మ స్లైడు చూపించేదాకా నాకు తట్టలేదు.

మొదట్లో ఇటుక దుమ్మే అనుకున్నాను. నల్లచొక్కా వేసుకుంటే భుజాల మీద తెల్లగా రాలేది. "చుండ్రేరా, నిమ్మచెక్క రుద్దు" అంది అమ్మ. తల సంగతి సరే, మోచేతుల మీది పొలుసులకో? మడమలు తోముకునే ఇటుకముక్కే అందుకున్నాను. పొలుసు లేచింది. కింద ఎర్రటి చర్మం మీద సూదితో పొడిచినట్టు చుక్కలు చుక్కలుగా నెత్తురు. ఉబ్బిన సన్నటి రక్తనాళాలు అక్కడ పైకి చొచ్చుకొచ్చి ఉంటాయట. ఈ గుర్తుకి ఆస్పిట్జ్ అనే వైద్యుడి పేరు పెట్టారు. గీరుకున్న చోటే కొత్త మచ్చ లేవడం ఈ జబ్బు గుణమని కూడా నాకప్పుడు తెలీదు. ఈలోగా బట్టీలో నా టీ గ్లాసు విడిగా పెట్టడం మొదలుపెట్టారు. నాకున్న సోరియాసిస్ అంటుకునే జబ్బు కాదు. కానీ వాళ్లకి ఆ మాట చెప్పడానికి ముందు నాకు తెలియాలిగా!

చివరికి చిన్న చర్మం ముక్క తీసి పరీక్షకు పంపారు. చర్మం పై పొరకి అట్టడుగున కణాలు పుడుతూ ఉంటాయి. పుట్టిన కణం పైకి జరుగుతూ కెరటిన్ నింపుకుంటుంది, న్యూక్లియస్‌ను పోగొట్టుకుంటుంది, పెంకులా ఎండి కంటికి కనపడకుండా రాలిపోతుంది. దీనికి దాదాపు నెల పడుతుంది. సోరియాసిస్ మచ్చలో వారం లోపే కణం పైకొచ్చేస్తుంది. స్లైడు పైభాగంలో ఊదారంగు చుక్కలు చూపించి "ఇవి న్యూక్లియస్‌లు, ఇంత పైన ఉండకూడదండీ" అన్నారు డాక్టరమ్మ. పచ్చి ఇటుకలే! ఆ కణాలు ఒకదాన్నొకటి సరిగా వదలవు కూడా. అందుకే అట్టలు కడతాయి.

మరి ఇంత తొందరెందుకు? నేను తప్పంతా చర్మానిదే అనుకున్నాను. డాక్టర్లూ చాలాకాలం అలాగే అనుకున్నారట. 1979లో రోగనిరోధక శక్తిని అణిచే సైక్లోస్పోరిన్‌తో మచ్చలు తగ్గడం చూశాక అనుమానం అటు మళ్లింది. పురమాయింపు టి-కణాలనే రోగనిరోధక కణాల నుంచి వస్తోంది. అవి వదిలే ఐఎల్-17 లాంటి రసాయనాలు "ఇంకా, ఇంకా" అని చర్మకణాలను తరుముతాయి. ఆ చర్మకణాలు తిరిగి మరిన్ని రోగనిరోధక కణాలను పిలుచుకొస్తాయి. పనికి రమ్మన్న ముఠా మరో ముఠాని వెంటేసుకొచ్చినట్టు.

నాకు రాసిచ్చింది మెథోట్రెక్సేట్. మా పక్క భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థలో నడిపిన పరిశోధనల్లోంచి వచ్చిన మందు. దీనికి అన్నలాంటి అమినోప్టెరిన్‌ను కీళ్లవాతం రోగులకిస్తే సోరియాసిస్ కూడా తగ్గిందని 1951లోనే రాశారు. ఆయన అప్పటికే లేరు, 1948లో పోయారు.

ఈ మాత్ర వారానికి ఒక్కసారే. రోజూ మింగితే ప్రాణం మీదికొస్తుంది. మధ్యమధ్య రక్తపరీక్షలు తప్పవు. క్యాలెండర్‌లో సోమవారాలకి ఎర్రపెన్సిల్‌తో సున్నాలు చుట్టాను. "రోజుకొకటి వేసుకుంటే తొందరగా తగ్గుతుందేమోరా" అంది అమ్మ, నిజంగా నా మేలు కోరే.

డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశాను.