ఈమెయిల్ మూడు ఫోల్డర్లు ఎందుకు దాటుతుంది?

లక్షల మంది ఈమెయిళ్లను ఒక్క కంప్యూటర్ మోయలేదు. అందుకే మెయిల్ అందుకునే సర్వర్లు కొన్ని ఉంటాయి, దాచే డిస్కులు వేరే యంత్రంలో ఉంటాయి. నెట్‌వర్క్ అవతలి డిస్కును సొంత డిస్కులా వాడుకునే పద్ధతుల్లో పేరున్నది ఎన్‌ఎఫ్‌ఎస్. దాన్ని సన్ మైక్రోసిస్టమ్స్ అనే కంపెనీ 1984లో తయారుచేసింది.

మరి చిక్కెక్కడ? పాత పద్ధతిలో ఒకరి మెయిళ్లన్నీ ఒకే ఫైల్లో వరుసగా చేరేవి. రెండు సర్వర్లు ఒకేసారి అందులో రాస్తే? నోటుబుక్కులో ఇద్దరు ఒకే గీత మీద రాసినట్టే, రెండూ పాడవుతాయి. ఒకటి రాస్తుంటే రెండోది ఆగేలా తాళం వేయొచ్చు. కానీ నెట్‌వర్క్ మీద ఆ తాళాలను అప్పట్లో నమ్మడానికి లేదు.

డేనియల్ బెర్న్‌స్టీన్ అనే ప్రోగ్రామర్ తాళమే అక్కర్లేని దారి కనిపెట్టాడు. దాని పేరు మెయిల్‌డిర్. ప్రతి మెయిల్‌కూ విడి ఫైలు. ఆ ఫైలు పేరులోనే సమయం, ఒక ప్రత్యేక సంఖ్య, సర్వర్ పేరు ఉంటాయి కాబట్టి రెండు పేర్లు కలవవు. సర్వర్ ముందు ‘టెంప్’ ఫోల్డర్లో రాస్తుంది. చివరి అక్షరం దాకా పడ్డాకే ‘న్యూ’లోకి మారుస్తుంది. మెయిల్ చదివే ప్రోగ్రామ్ చూశాక ‘కర్’లోకి చేరుతుంది. మధ్యలో కరెంటు పోయినా సగం మెయిల్ ఎవరి కంటా పడదు. ఎంత చక్కటి ఆలోచన!

అయినా ఒక జాగ్రత్త కావాలి. వేగం కోసం సర్వర్లు ఫోల్డర్ వివరాలను కొంతసేపు గుర్తుంచుకుంటాయి, ఆలోగా వచ్చిన మార్పు వాటికి తెలియకపోవచ్చు. అందుకే ఒక మనిషి మెయిల్ పనులన్నీ ఎప్పుడూ ఒకే సర్వర్‌కు పంపుతారు.