కోసేది నీరే, కడిగేదెవరు?

బల్లమీద పట్టే వాటర్‌జెట్ యంత్రం లోహాన్నీ గాజునూ రాతినీ కోసేస్తుంది. నలుగురూ వాడుకునే వర్క్‌షాపులో మాత్రం అది ఎన్నాళ్లు పనిచేస్తుందనేది కోత తర్వాత మిగిలే బురదను ఎవరు ఎత్తుతారన్న దానిమీదే ఆధారపడి ఉంటుంది.

ఒక ఇంజనీరింగ్ విద్యార్థికి తన రోబోకు బిగించేందుకు అల్యూమినియం పలక కావాలనుకోండి. పది సెంటీమీటర్ల చదరం, 3 మిల్లీమీటర్ల మందం, నాలుగు మూలల్లో నాలుగు రంధ్రాలు. కావలసింది ఒక్కటంటే ఒక్కటే. హైదరాబాద్‌లోని బాలానగర్ లాంటి చోట జాబ్‌వర్క్ చేసే షెడ్లకు కొదవ లేదు. కానీ వందల ముక్కల ఆర్డర్ మధ్యలో యంత్రాన్ని ఆపి, రేకు మార్చి, ఒక్క పలక కోసి ఇవ్వడం వారికి గిట్టుబాటయ్యే పని కాదు. పోనీ రంపం, ఆకురాయి పట్టుకుని కూర్చుంటే ఒక పూట గడిచిపోతుంది. అప్పటికీ కొలత కుదురుతుందన్న హామీ లేదు.

ఇలాంటి వారి కోసమే ఉమ్మడి వర్క్‌షాపులు పుట్టాయి. పుణె దగ్గర పాబల్ గ్రామంలోని విజ్ఞాన్ ఆశ్రమ్‌లో అమెరికాకు చెందిన ఎంఐటీ తోడ్పాటుతో 2002లో ఫ్యాబ్‌ల్యాబ్ మొదలైంది. హైదరాబాద్‌లో తెలంగాణ ప్రభుత్వం నెలకొల్పిన టీ-వర్క్స్ 2023 మార్చిలో ప్రారంభమైంది. పేర్లు వేరైనా సూత్రం ఒక్కటే. ఒక్కడు కొనలేని యంత్రాన్ని నలుగురూ కలిసి వాడుకోవడం.

ఈ వర్క్‌షాపుల్లో ఎక్కువగా కనిపించేవి త్రీడీ ప్రింటరు, లేజర్ కట్టర్. లేజర్ అందరికీ ముద్దు. గీసింది గీసినట్టు కోస్తుంది, శుభ్రంగా ఉంటుంది. కానీ సాధారణంగా అక్కడుండే కార్బన్ డయాక్సైడ్ లేజర్ యాక్రిలిక్, ప్లైవుడ్, అట్ట, బట్ట వరకే. అల్యూమినియం ముందు అది చేతులెత్తేస్తుంది. గాజు మీద గీతలు గీయగలదే తప్ప దాన్ని కోయలేదు. పీవీసీ పెడితే క్లోరిన్‌తో కూడిన విషవాయువులు వెలువడి యంత్రాన్నీ మనిషినీ కూడా దెబ్బతీస్తాయి. లోహం, గాజు, టైలు, రాయి, కార్బన్ ఫైబర్ లాంటివి కోయాల్సి వచ్చినప్పుడు ఆ ఖాళీని పూరించేది వాటర్‌జెట్.

ఫ్యాక్టరీ నుంచి బల్లమీదికి

నీటితో కోయడం కొత్త విద్యేమీ కాదు. 1950లలోనే నార్మన్ ఫ్రాంజ్ అనే అటవీ ఇంజనీరు అధిక పీడనంతో సన్నటి నీటిధారను చిమ్మి కలపను కోసే ప్రయోగాలు చేశారు. వట్టి నీరు కాగితాన్నీ, రబ్బరునూ, స్పాంజినీ, ఆహార పదార్థాలనూ కోయగలదు. లోహం మాత్రం దానికి లొంగదు. ఫ్లో అనే అమెరికా సంస్థలో పనిచేసిన మొహమ్మద్ హషీష్ ఆ ధారలో గరుకు రేణువులు కలిపే పద్ధతిని రూపొందించడంతో 1980లలో కథ మారిపోయింది. ఉక్కు, గాజు, గ్రానైట్ అన్నీ దారికొచ్చాయి.

అయితే ఆ యంత్రాలు గదులంతేసి ఉండేవి. వాటి పీడనం చదరపు అంగుళానికి 60 వేల పౌండ్ల దాకా ఉంటుంది. కారు టైరులో ఉండేది ముప్ఫై చిల్లర పౌండ్లే. అంటే దాదాపు రెండు వేల రెట్లు. అంత పంపు, అంత కరెంటు, అంత ధర పెద్ద కర్మాగారాలకే చెల్లు.

దాన్ని బల్లమీదికి తెచ్చే ప్రయత్నం చేసింది పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో చదువుకున్న నిసాన్ లెరియా, మాథ్యూ నొవికీ. వేజర్ అనే పేరుతో వారు 2016లో కిక్‌స్టార్టర్ వేదికపై ముందస్తు చందాలు కోరితే 13 లక్షల డాలర్లకు పైగా వచ్చిపడ్డాయి. 2018 నుంచి యంత్రాలు కొన్నవారి చేతికి అందడం మొదలైంది. పై మూత పారదర్శకంగా ఉండే ఒక తొట్టి, దాని పక్కన పంపు పెట్టె. కోయగలిగే వైశాల్యం సుమారు 30 సెంటీమీటర్లు, 46 సెంటీమీటర్లు. పీడనం పెద్ద యంత్రాలతో పోలిస్తే పదో వంతు కూడా ఉండదు. అందుకే నెమ్మది. ఫ్యాక్టరీలో క్షణాల్లో తెగే ముక్క ఇక్కడ నిమిషాలు తీసుకుంటుంది. ఒక్క పలక కావలసిన వాడికి ఆ నెమ్మది పెద్ద లోపం కాదు.

కోత కాదు, అరగదీత

మాటవరసకు కోత అంటున్నాం గానీ, జరిగేది అరగదీతే. పంపు నుంచి వచ్చిన నీరు నీలం, కెంపు లేదా వజ్రం లాంటి గట్టి రాయిలో తొలిచిన సన్నటి రంధ్రం గుండా దూసుకొస్తుంది. ఆ వేగానికి వెనక శూన్యం ఏర్పడి, పక్క గొట్టంలోంచి పొడి గార్నెట్ ఇసుకను లోపలికి లాక్కుంటుంది. రెండూ కలిసి టంగ్‌స్టన్ కార్బైడ్ నాజిల్లోంచి బయటపడతాయి. లక్షలాది రేణువులు ఒకే గీత మీద వరసగా తగిలి పదార్థాన్ని గీకేస్తాయి. సానరాయి చేసే పనినే నీటిధార చేస్తోందన్నమాట.

ఇందులో వేడి పుట్టదు. కాబట్టి లోహం వంకర పోదు, అంచులు మాడవు, పొగ రాదు. గాజు పలకలోంచి గుండ్రటి బిళ్లను తీయవచ్చు. ఇంట్లో వేయగా మిగిలిన టైలు మీద నంబరు ప్లేటు కోసుకోవచ్చు. అయితే మినహాయింపులున్నాయి. కారు కిటికీలకు వాడే టెంపర్డ్ గాజును తాకితే చాలు, ముక్కలు చెక్కలవుతుంది. ఎండీఎఫ్ లాంటి చెక్క నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. పొరలుగా అతికిన పలకల నడిమధ్యలో ధారను మొదలుపెడితే పొరలు విడిపోవచ్చు. మామూలు ఉక్కును కోశాక వెంటనే తుడిచి నూనె పూయకపోతే తుప్పు పట్టేస్తుంది.

వాడే పద్ధతి మరీ కష్టమేం కాదు. కంప్యూటర్లో గీసిన బొమ్మను సాఫ్ట్‌వేర్‌లో పెట్టి పదార్థమేదో, మందమెంతో చెబితే ధార ఏ వేగంతో కదలాలో అదే లెక్క వేస్తుంది. ధార మందం కొద్దిగా ఒక మిల్లీమీటరు దాటుతుంది గనక ఆ మేరకు గీతను పక్కకు జరుపుతుంది. పలకను తొట్టిలోని ప్లాస్టిక్ అడుగుపలకకు మరల్తో బిగించాలి. తెగిన చిన్న ముక్క పైకి లేచి నాజిల్‌కు అడ్డం పడకుండా, రేకును పట్టి ఉంచేలా ఒకటి రెండు చోట్ల కోయకుండా వదిలి, తర్వాత చేత్తో విరిచి ఆకురాయితో సాపు చేసుకోవాలి. బాగా చిన్న రంధ్రాలకు ఈ ధార పనికిరాదు. వాటికి డ్రిల్లే మేలు.

మూత తెరిస్తే యంత్రం ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. దాన్ని ఏమార్చాలని చూడటం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. అధిక పీడనంతో వచ్చే నీటిధార చర్మంలోకి దూరితే పైకి సూదిపోటంత గాయమే కనిపిస్తుంది. లోపల నీరు, ఇసుక కండరాల వెంట చాలా దూరం వెళ్లిపోతాయి. నొప్పి లేదు కదా అని పట్టీ వేసుకుని ఇంటికి వెళ్లకూడదు. అది వెంటనే శస్త్రచికిత్స అవసరమయ్యే గాయం.

80 గ్రాములకు పావు తక్కువ రెండు కిలోలు

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు సంగతి కోత అయ్యాక మొదలవుతుంది. మన విద్యార్థి పలకనే తీసుకోండి. బయటి అంచులు, నాలుగు రంధ్రాలు కలిపి 46 సెంటీమీటర్ల కోత అనుకుందాం. నిమిషానికి నాలుగు సెంటీమీటర్ల చొప్పున కోస్తే దాదాపు 12 నిమిషాలు పడుతుంది. ఈ యంత్రం నిమిషానికి సుమారు 150 గ్రాముల గార్నెట్ తింటుంది. అంటే 80 గ్రాముల అల్యూమినియం పలక కోసం పావు తక్కువ రెండు కిలోల ఇసుక. గంటసేపు ఆడితే తొమ్మిది కిలోలు.

అదంతా ఎక్కడికి పోతుంది? తొట్టి అడుగుకు. నీళ్లతో కలిసి, కోసిన లోహపు పొడితో కలిసి, బరువైన బురదగా పేరుకుంటుంది. కొన్ని గంటల కోతకోసారి దాన్ని చేత్తో ఎత్తి బయటికి తీయాలి. ఒకసారి వాడిన ఇసుకను మళ్లీ వాడదామంటే కుదరదు. రేణువులు చిన్నాపెద్దా ముక్కలై ఉంటాయి, పెద్దది ఒక్కటి వచ్చినా నాజిల్ మూసుకుపోతుంది. తొట్టి నీటిని నేరుగా కాలువలోకి వదిలితే ఇసుక పైపు వంపులో గడ్డకట్టి భవనమంతటికీ మురుగు ఆగిపోతుంది. బకెట్లలో ఇసుకను తేరనిచ్చి, పైన తేట నీటినే వదలాలి. గార్నెట్ తనంత తాను విషం కాదు. కానీ దానిలో కలిసింది సీసమో, క్రోమియమో అయితే ఆ బురదను చెత్తకుండీలో పారబోయడం తప్పు.

సొంత యంత్రమైతే ఈ పని యజమాని తిట్టుకుంటూనైనా చేస్తాడు. ఉమ్మడి వర్క్‌షాపులో అలా కాదు. ముక్క చేతికొచ్చిన వాడికి తొందర. తొట్టి ఇంకా సగమే నిండింది కదా, తర్వాతి వాడు చూసుకుంటాడులే అనుకుంటాడు. తర్వాతి వాడూ అలాగే అనుకుంటాడు. మూడో వాడు వచ్చేసరికి ఇసుక నిండి, అడుగుపలక అరిగి, నాజిల్ మూసుకుని యంత్రం మొరాయిస్తుంది. నేరం ఎవరిదో తేలదు. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందన్న సామెత దీని కోసమే పుట్టిందా అనిపిస్తుంది. లేజర్ కట్టర్‌ను అశ్రద్ధ చేస్తే అద్దం మసకబారుతుంది, తుడిస్తే సరిపోతుంది. వాటర్‌జెట్ ఒక్కరి బద్ధకాన్ని మరొకరి తలమీద కిలోల లెక్కన మోపుతుంది.

మన వాతావరణం మరికొన్ని చిక్కులు తెచ్చిపెడుతుంది. గార్నెట్ ఎండుగా ఉండాలి. వానాకాలంలో సంచీ మూతి విప్పి వదిలేస్తే చెమ్మ పట్టి ఉండలు కడుతుంది, గొట్టంలో జారదు. కోత మధ్యలో కరెంటు పోతే తడి ఇసుక నాజిల్లోనే ఉండిపోతుంది. బోరు నీటిలోని సున్నం సన్నటి రంధ్రం చుట్టూ పేరుకుని దాని ఆయుష్షు తగ్గిస్తుంది. మేడమీది ట్యాంకు పది మీటర్ల ఎత్తున ఉన్నా ఇచ్చే ఒత్తిడి చదరపు అంగుళానికి 14 పౌండ్లే. కాబట్టి నీటిని శుద్ధి చేసే ఫిల్టరు, ఒత్తిడి పెంచే చిన్న పంపు, కోత ముగిసేదాకా నిలబెట్టే బ్యాకప్ కరెంటు ఉండాలి. యంత్రం ధర చూసి కొనేవారు ఈ పద్దును మరిచిపోతారు.

ఆ ఇసుక ఎక్కడిది?

ఈ ఇసుక ఊరికే రాదన్న సంగతి తెలుగువారికి చెప్పనక్కర్లేదు. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో అక్కడక్కడ ఒడ్డున ఎర్రటి చారలు కనిపిస్తాయి. ఇల్మనైట్, సిల్లిమనైట్‌లతో పాటు అక్కడ ఉండేది గార్నెట్టే. తమిళనాడు, ఒడిశా తీరాల్లోనూ ఉంది. వీటితో కలిసి ఉండే మోనజైట్‌లో అణు ఇంధనానికి పనికొచ్చే థోరియం ఉంటుంది. అందుకే తీరపు ఇసుక తవ్వకాల చుట్టూ ఇంత గొడవ. అక్రమ తవ్వకాల ఆరోపణలతో తమిళనాడు ప్రభుత్వం 2013లో తవ్వకాలు ఆపేసింది. 2019లో కేంద్రం నిబంధనలు బిగించి ఈ ఖనిజాలను ప్రభుత్వ సంస్థలకే పరిమితం చేసింది. తీరం కోతకు గురవుతుందని, వేటకు దారి పోతుందని మత్స్యకారులు అభ్యంతరం చెప్పిన ఇసుకనే మనం 12 నిమిషాల్లో బురద చేస్తున్నాం. వాడొద్దని కాదు. కానీ మూడు పలకలు ఒకే రేకు మీద సర్ది కోస్తే, డ్రిల్‌తో అయ్యే రంధ్రాన్ని డ్రిల్‌తోనే చేస్తే మిగిలేది డబ్బు ఒక్కటే కాదు.

చిట్టా పుస్తకమే మందు

మరి ఉమ్మడి వర్క్‌షాపులు ఏం చేయాలి? చేయవలసినవేమీ బ్రహ్మవిద్యలు కావు. రుసుము గంటకు కాకుండా కోత నిమిషానికి తీసుకోవాలి, అందులోనే ఇసుక, నాజిల్ అరుగుదల, శుభ్రత ఖర్చు కలపాలి. ఎవరు ఎన్ని నిమిషాలు కోశారో, తొట్టి ఎవరు ఎత్తారో యంత్రం పక్కనే చిట్టా పుస్తకంలో రాయాలి. కోతకు అరగంట బుక్ చేసుకున్న వారికి కడగడానికి మరో అరగంట కలిపే ఇవ్వాలి. ముఖ్యంగా, కొత్తవారికి శిక్షణ మొదలుపెట్టాల్సింది బొమ్మ గీయడంతో కాదు, బురద ఎత్తడంతో. మొదటిరోజు చీపురు పట్టనివాడు రెండోరోజు మీట నొక్కకూడదు. మన లేతు షెడ్లలో పనికి కుదిరిన కుర్రాడికి మేస్త్రీ మొదట నేర్పేదీ ఇదే కదా. యంత్రం తుడవడం వచ్చాకే యంత్రం ముట్టుకోవడం.

విద్యార్థి పలక తయారైంది. చేతిలో పట్టుకుంటే అంచులు కాస్త గరుకుగా ఉన్నా కొలత సరిపోయింది. ఒక పూట పని 12 నిమిషాల్లో ముగిసింది. ఇక అతను సంచీ సర్దుకుని వెళ్లిపోతాడా, చేతులకు తొడుగులు వేసుకుని తొట్టి మూత ఎత్తుతాడా? రేపు ఇలాగే ఒక్క ముక్క కోసం వచ్చే ఇంకొకరికి ఆ యంత్రం అందుబాటులో ఉంటుందా లేదా అన్నది అక్కడే తేలిపోతుంది.