షవర్ కింద ఏ నేల?

2019లో మున్సిపల్ కార్పొరేషన్ అయ్యేనాటికే హైదరాబాద్ శివారులోని జవహర్‌నగర్ చిన్న చిన్న ప్లాట్ల ఇళ్లతో కిక్కిరిసిపోయింది. అలాంటి ఇంట్లో బాత్‌టబ్‌కు చోటెక్కడిది? గడప లేకుండా, ఒక అద్దం పలక అడ్డుపెట్టుకునే వాక్-ఇన్ షవర్ అయితే ఇరుకు గదిలోనూ ఇమిడిపోతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కాలెత్తి దాటాల్సిన పనీ ఉండదు.

నిజానికి ఇది మనకు కొత్తేమీ కాదు. తెలంగాణ పాత ఇళ్లలోని జాలారీ కూడా ఇంచుమించు ఇదే. గరుకు బండలు, ఓ పక్కకు వాలు, నీళ్లు పోయే తూము. జారకుండా కాపాడింది ఆ గరుకే, నీళ్లు నిలవనీయనిది ఆ వాలే. ఇప్పుడు దుకాణంలో లైట్ల కింద మెరిసే టైల్ చూడగానే ఈ రెండూ మరచిపోతున్నాం.

ముందు జారుడు సంగతి. టైల్ పెట్టె మీదో కంపెనీ పుస్తకంలోనో ఆర్9 నుంచి ఆర్13 వరకు ఒక గుర్తు ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ పట్టు ఎక్కువ. అయితే ఆ పరీక్ష బూట్లతో, నూనె పోసిన ఏటవాలు మీద చేసేది. స్నానానికి సరిపోయేది ఒట్టికాళ్లతో, సబ్బు నీళ్ల మీద చేసే పరీక్ష. అందులో ఎ, బి, సి అని మూడు తరగతులు. షవర్ కిందికి ‘బి’ తరగతి టైల్ అడగండి. ఆ గుర్తు లేకపోతే ఆర్10కు తగ్గకండి, ఆర్11 అయితే ఇంకా మంచిది. ఏ గుర్తూ లేకపోతే నమూనా టైల్ మీద సబ్బు నీళ్లు పోసి, చెప్పు విడిచి అరికాలితో రుద్ది చూడండి.

రెండోది, టైల్ నీళ్లు పీల్చే గుణం. విట్రిఫైడ్ టైల్ తన బరువులో 0.5 శాతానికి మించి పీల్చదు. గోడలకు వేసే సిరామిక్ టైల్ 10 శాతానికి పైగా పీలుస్తుంది. చౌకగా వచ్చిందని దాన్ని నేలకు వేయించకూడదు.

మరి మన తాండూరు బండ? ధర తక్కువ, పాలిష్ పట్టకపోతే కాలికి మంచి పట్టు. చిక్కంతా యాసిడ్‌తోనే. బోరు నీళ్ల ఉప్పు నేల మీద తెల్లగా పేరుకుంటే యాసిడ్ పోసి కడగడం చాలా ఇళ్లలో అలవాటు. ఆ తెల్లటి పొరలో ఎక్కువగా ఉండేది కాల్షియం కార్బొనేట్. తాండూరు బండ సున్నపురాయి కాబట్టి అదీ ప్రధానంగా అదే పదార్థం. పొరను కరిగించే యాసిడ్ బండనూ తినేస్తుంది. కడప బండకు, పాలరాయికి కూడా ఇదే గతి. గ్రానైట్ యాసిడ్‌కు బాగా తట్టుకుంటుంది కానీ, పాలిష్ చేసినది తడిస్తే జారుతుంది. మంటతో కాల్చి గరుకు చేసినదో, లెదర్ ఫినిష్‌దో తీసుకోవాలి.

తరువాత వాలు. షవర్ భాగంలో అడుగుకు పావు అంగుళం చొప్పున వాలు ఉండాలి. అంటే నాలుగడుగులకు ఒక అంగుళం. నాలుగు వైపుల నుంచీ మధ్యలోని జాలీకి వాలు ఇవ్వాలంటే పెద్ద టైల్ వంగదు, ముక్కలు కోయాల్సిందే. పెద్ద టైల్సే కావాలంటే గోడ వెంట పొడవాటి జాలీ పెట్టించి, నేలనంతా ఒకే వైపుకు వాల్చాలి. చిన్న టైల్స్ అయితే వాలుకు ఒదుగుతాయి, అతుకులు ఎక్కువ కాబట్టి కాలికి పట్టూ పెరుగుతుంది. ఆ అతుకుల్లో సిమెంటుకు బదులు ఎపాక్సీ నింపిస్తే మరకలు, నీళ్లు లోపలికి దిగవు.

టైల్ ఒక్కటే నీటిని ఆపదు. ఆపేది దాని కింద వేసే వాటర్‌ప్రూఫింగ్ పూత. షవర్ దగ్గర గోడ మీద కూడా తడి తగిలే ఎత్తు వరకు దాన్ని వేయించాలి. పూత ఆరాక తూము మూసి, నీళ్లు నింపి ఒక రోజంతా ఉంచమనండి. కింది గది పైకప్పు చెమర్చకపోతేనే మేస్త్రీని టైల్స్ మొదలుపెట్టనివ్వండి.

జవహర్‌నగర్ లాంటి చోట ఎక్కువ ఇళ్లకు నా సిఫారసు ఇది: అడుగుకు అడుగు, లేదా అంతకంటే చిన్న మ్యాట్ విట్రిఫైడ్ టైల్స్, ఎపాక్సీ అతుకులు, సరైన వాలు. తాండూరు బండే ఇష్టమైతే నిరభ్యంతరంగా వేయించుకోండి. యాసిడ్ సీసాను మాత్రం ఆ గదిలోకి రానివ్వకండి.