పసుపునాట పూల బేరము

పసుపు కొమ్మకు వేచియుండు శక్తి కలదు, పువ్వునకు లేదు. నిజామాబాదు జిల్లా జక్రాన్‌పల్లిలో టోకు పూల వర్తకమునకు పూనుకొనఁదలచిన యువకుఁడు మొదట గ్రహింపవలసిన భేద మిదియే యని మా యభిప్రాయము.

ఆర్మూరు ప్రాంతపు రైతు పసుపును తొమ్మిది మాసములు పెంచి, యుడికించి, యెండబెట్టి, ధర నచ్చనిచో గిడ్డంగిలో నుంచగలఁడు. ఆ పంటకై 2025 జనవరిలో నిజామాబాదు కేంద్రముగా జాతీయ పసుపు బోర్డు కూడ వెలసినది. పువ్వున కట్టి యవకాశము లేదు. మల్లెమొగ్గ సాయంకాలమునకే విచ్చును. బంతి రెండు మూడు దినములలో కళ దప్పును. కావున పూల వర్తకుఁడు కోసిన పిమ్మట కొనువానిని వెదకరాదు; కోయకమున్నే పూలంగడివారి మాట పుచ్చుకొనవలెను.

లెక్క చూడుఁడు. కిలో 40 రూపాయల వంతున 100 కిలోలు కొన్నవాఁడు 4,000 రూపాయలు వెచ్చించును. అందు 20 కిలోలు వాడిపోయినచో, మిగిలిన 80 కిలోలను 50 రూపాయల కమ్మిననే యసలు దక్కును. బండి కిరాయి, కూలి వేఱు. అంగడివారు అరువడుగుదురు, రైతు రొక్కమడుగును. ఈ రెంటి నడుమ నలిగినవాఁడు తరుగు పేర నష్టమంతయు రైతుపై మోపఁజూచును. అట్టివానికి మఱుసటి యేఁట పూలిచ్చు చేనుండదు!

హాలెండు దేశమున ఆల్స్‌మీరు పూల రైతులు 1911–12లో తమ వేలంశాలలను తామే నెలకొల్పుకొనిరి. అవి 1968లో నేకమైనవి. అచట ధర పైనుండి దిగుచుండఁగా ముందుగ నాపినవానిదే సరకు. బేరము క్షణములలో ముగియును. పువ్వు స్వభావము నెఱిఁగినవారి యేర్పాటది.

మనవారికిని సాధనములు లేకపోలేదు. 44వ జాతీయ రహదారి ఈ మండలము మీదుగనే పోవుచున్నది. హైదరాబాదులో గుడిమల్కాపూరు పూల మార్కెట్టున్నది. బంతి వేళ్లు నేలలోని నులిపురుగులను తగ్గించును గనుక పసుపు రైతునకు బంతి పరాయి పంట కాదు. 2014లో రాష్ట్ర పండుగయైన బతుకమ్మకు తంగేడును, గునుగును పొలముగట్లే యిచ్చుచుండఁగా, బంతి చామంతులకు మాత్రము జనులు అంగడికే పోవుచున్నారు.

గల్ఫు దేశములకు పోవుటకై అప్పు చేయు యువకులు ఈ జిల్లాలో నెందఱో కలరు. అందు కొందఱైనను, అప్పు చేయకమున్ను, ఒక సంవత్సరము మండీలో పనిచేసి పండుగలు, ముహూర్తములు, మూఢముల లెక్క నేర్చికొందురు గాక. పది యంగళ్ల నమ్మకము సంపాదించిన పిదపనే సొంత సొమ్ము పెట్టుట మేలు. రైతునకు నాఁటి సొమ్ము నాఁడే చెల్లించువాని పేరు ఊరూరఁ బ్రాకును. ఈ బేరమున వాడనిది ఆ పేరొక్కటియే.