పెట్రోల్ బాలేకపోతే కారు ఐడ్లింగ్‌లో వణుకుతుందా?

సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ వణుకుతోంది, ఆర్‌పీఎం ముల్లు ఆడుతోంది. "బ్రో, పెట్రోల్ కల్తీనా?" అని తెగ అడుగుతున్నారు. కోడ్‌లో బగ్ వస్తే నిన్న ఏం మార్చామో చూస్తాం కదా, ఇక్కడా అంతే: బంకులో కొట్టించాకే మొదలైందా?

ఐడ్లింగ్‌లో ఇంజిన్ సుమారు 700-900 ఆర్‌పీఎంలో తిరుగుతుంది. ఒక్క సిలిండర్ సరిగ్గా మండకపోయినా కుదుపు తెలిసిపోతుంది.

ఇప్పుడు మన పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది నీటిని పీల్చుకుంటుంది. నీరు మరీ ఎక్కువైతే రెండూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి ట్యాంక్ అడుక్కి దిగుతాయి. ఫ్యూయల్ పంప్ లాగేదీ అడుగు నుంచే! వానాకాలంలో, నెలల తరబడి కదలని కార్లలో నా మొదటి అనుమానం దీని మీదే.

ప్రీమియం పెట్రోల్ కొట్టిస్తే పోతుందంటారు కొందరు. నేనొప్పుకోను. ఎక్కువ ఆక్టేన్ ఆపేది లోడ్ మీద వచ్చే నాకింగ్‌ని, ఈ వణుకుని కాదు.

బంకులో ఫిల్టర్ పేపర్ అడగండి, చుక్క వేస్తే మరక లేకుండా ఆరాలి. నీళ్ల సంగతి మాత్రం దీంతో తేలదు.

వేరే బంకులో రెండు ట్యాంకులు కొట్టించినా తగ్గకపోతే స్పార్క్ ప్లగ్గులు, థ్రాటిల్ బాడీ చూపించండి. చెక్ ఇంజిన్ లైట్ ఆరి వెలుగుతుంటే మాత్రం అంతదాకా ఆగొద్దు. మండని పెట్రోల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని పాడుచేస్తుంది.