ఊపిరాడు గాలి, గాలియాడు బట్ట

పసిపిల్లల దుప్పట్లకును, పరుపులకును అంటించు చీటీలపై 'బ్రీదబుల్' అను ఆంగ్లపదము ఇప్పుడు తరచుగా కానవచ్చుచున్నది. ఈ విశేషణమునకు రెండర్థములు కలవు. వానిని వేరుపరచి తెలిసికొనుట గృహిణులకు మిక్కిలి ఆవశ్యకము.

'బ్రీద్' అనగా శ్వాసించుట. దానికి 'ఏబుల్' అను ప్రత్యయము చేరి 'బ్రీదబుల్' అయినది. గాలిని గూర్చి చెప్పునపుడు, పీల్చుటకు యోగ్యమైనదని అర్థము. మనము పీల్చు గాలిలో నూటికి సుమారు 21 పాళ్లు ప్రాణవాయువు. చిరకాలము మూసియున్న పాడునూతిలో నది తగ్గిపోవచ్చును, విషవాయువులును చేరవచ్చును. ఆ గాలి 'బ్రీదబుల్' కాదు. కంటికి భేదమేమియు కానరాకున్నను, దిగినవారి ప్రాణమునకే ముప్పు.

బట్ట విషయమున నర్థము మారును. బట్ట శ్వాసించదు గదా! గాలినిగాని, చెమట యావిరినిగాని తనగుండ పోనిచ్చునదని మాత్రమే భావము. పలుచని నూలుబట్టలో పడుగుపేకల నడుమ సందులుండుటచే గాలి యాడును. నూలు చెమటను పీల్చుకొనును. కావుననే వేసవిలో నది హాయినిచ్చును. ప్లాస్టిక్కు పూతగల వానకోటు నీటిని ఆపును గాని, చెమటను సైతము లోపలనే నిలుపును. అమెరికాలో రాబర్టు గోర్ 1969లో కనుగొనిన సన్నని పొర యీ చిక్కును తీర్చినది. దాని సూక్ష్మరంధ్రములలో ఆవిరి దూరును, నీటిబొట్టు దూరదు. అట్టి కోటును 'బ్రీదబుల్' అందురు. అయినను దానిని ముక్కునకు అదిమిన నూపిరాడదు.

ప్రమాదమంతయు నిచ్చటనే యున్నది. చీటీపై ఈ మాట చూచి, దుప్పటి బిడ్డ ముఖముపై పడినను భయములేదని తల్లి తలంపరాదు. ఆ మాట బట్ట గుణమును తెలుపునే కాని, బిడ్డ యూపిరికి పూచీపడదు. ఏడాదిలోపు శిశువును వెల్లకిల, గట్టిగా సమముగానుండు పరుపుపై పరుండబెట్టవలెననియు, ప్రక్కలో తలగడలు, వదులు దుప్పట్లు ఉంచరాదనియు అమెరికా శిశువైద్యుల సంఘమువారు 2022లో ప్రకటించిన సూచనలలో చెప్పియున్నారు. ఎండ తగులకుండ తోపుడుబండిపై పలుచని గుడ్డ కప్పినను లోపల వేడి హెచ్చును. దోమల బాధకు ముఖముపై గుడ్డ కప్పుటకంటె, మీద పడకుండ బిగించి కట్టిన దోమతెర మేలు.

సోదరీమణులారా! ఊపిరాడు గాలి వేరు, గాలియాడు బట్ట వేరు. బట్ట యెంత పలుచనిదైనను, చీటీపై నేమి వ్రాసియున్నను, నిద్రించు బిడ్డ ముఖము తెరచియే యుండవలెను.