బాధ గొంతులో, మూలం కడుపులో

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో రాత్రికీ పగటికీ భేదం తక్కువ. 2003 నుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానమైన ఈ పట్టణం మీదుగా బొగ్గు రైళ్లు వేళాపాళా లేకుండా సాగిపోతుంటాయి. వాటిని నడిపేవారిలో, బాగుచేసేవారిలో తరాలుగా అక్కడ స్థిరపడిన తెలుగువారూ ఉన్నారు. డ్యూటీ దిగి అర్ధరాత్రి ఇల్లు చేరిన మనిషి కారపు పులుసుతో కడుపునిండా భోంచేసి, చేతి తడి ఆరకముందే మంచమెక్కుతాడు. తెల్లవారేసరికి గొంతు బొంగురు. ఏదో అడ్డుపడినట్లుంటుంది; ఎంత సవరించుకున్నా పోదు. జలుబనుకొని పుదీనా బిళ్ల చప్పరిస్తాడు.

ఆ బిళ్లే ఒక్కొక్కప్పుడు అపకారం చేస్తుంది. అన్నవాహిక కడుపులో కలిసేచోట కండరాల కట్టు ఒకటి ఉంది. ఆహారానికి దారి ఇచ్చి వెంటనే మూసుకోవడం దాని పని. పుదీనా దానిని సడలించగలదు. మద్యం, పొగాకు, నూనె వంటకాలూ అంతే. అప్పుడు ఆమ్లమూ, మాంసకృత్తులను జీర్ణంచేసే పెప్సిన్ రసమూ పైకి ఎగదన్నుతాయి. అన్నవాహిక కొంత ఓర్చుకుంటుంది. స్వరపేటిక సుకుమారి, ఓర్వలేదు. అందుకే గుండెలో మంట ఎరుగని వారికి సైతం గొంతు చెడుతుంది.

మందుతో పోదా? ఆమ్లాన్ని తగ్గించే మాత్రలు గుండెమంటకు గట్టివే. గొంతు సంగతి వేరు. దీర్ఘకాలపు గొంతు బాధ గల 346 మందిపై బ్రిటన్‌లో జరిగిన పరీక్ష ఫలితాలు 2021లో వెలువడ్డాయి. పదహారు వారాలు లాన్సోప్రజోల్ మింగినవారికీ, మందులేని ఉత్తుత్తి మాత్రలు మింగినవారికీ చెప్పుకోదగిన తేడా కనబడలేదు! గొంతు బాధకెల్లా ఆమ్లమే కారణం కాదన్నది కూడా ఇందులో గ్రహించవలసిన విషయం.

కాబట్టి మూడు వారాలు దాటినా బొంగురు పోకపోయినా, మింగడం కష్టమైనా, ఒళ్లు తగ్గినా గొంతు వైద్యుణ్ణి చూడక తప్పదు. పొగాకు అలవాటున్నవారు మరీ ముఖ్యంగా. ఛాతీ నొప్పి చేతికి పాకి చెమటలు పడితే అది ఆమ్లమని ఇంట్లో కూర్చోరాదు.

తక్కినవారికి ఉపశమనం వంటింట్లోనూ పడకగదిలోనూ ఉంది. పెద్ద భోజనం డ్యూటీకి ముందే ముగించి, తిరిగి వచ్చాక కొద్దిగా తినాలి. భోజనానికీ నిద్రకూ మూడు గంటల ఎడం ఉండాలి. నడుం బెల్టు వదులు చేయాలి. గొంతు సవరించబుద్ధి పుట్టినప్పుడల్లా ఒక గుక్క నీళ్లు తాగడం మేలు. సవరించేకొద్దీ స్వరపేటిక ఇంకా ఒరుసుకుంటుంది. పడుకోబోతూ గ్లాసెడు పాలు తాగే ఆచారం క్షణం హాయినిచ్చినా కడుపును నింపుతుంది. ఎడమవైపు తిరిగి పడుకోవాలి. దిండ్లు పేర్చుకుంటే నడుము వంగి కడుపు నొక్కుకుంటుంది. అంతకన్నా మంచం తలవైపు కోళ్లకింద ఆరు అంగుళాల ఎత్తున ఇటుకలు పెట్టడం నయం. మొదటి రాత్రే గుణం కనబడదు. వాచిన స్వరపేటిక కుదుటపడడానికి వారాలు, ఒక్కొక్కసారి నెలలు పడుతుంది.